గళ్ళ నుడికట్టు: ఒక ఆట చరిత్ర, ఒక బడిపంతులు అనుభవం



"ఇంటికి ముందు దాటవలసినది వెనుదిరిగితే పాము కోపం (3)." ఈ ఒక్క ఆధారం నన్ను మూడు దినాలు నిద్రపోనివ్వలేదని చెబితే మీరు నవ్వుకోవచ్చు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు తెలుగు చెబుతున్నవాణ్ణి, ఛందస్సు, వ్యాకరణం నూరిపోసినవాణ్ణి, మూడు గడుల ముందు చేతులు కట్టుకొని నిలబడిపోయాను. పాము కోపం అంటే బుసలే కదా అనుకొని, గడులలో "బుసలు" అని సిరాతో నింపాను. అదే నేను చేసిన పొరపాటు. ఆ "బు" అక్షరం కిందికి దిగే నిలువు మాటకు ఆధారం "పెళ్ళిపందిట్లో చిలకరించేది". చివరి అక్షరం "రు" అని అప్పటికే తేలింది. మొదట "బు", చివర "రు". పెళ్ళిళ్ళలో చల్లే బుక్కా గుర్తుకు వచ్చింది కాని దానికి "రు" ఎక్కడ తగిలించాలో తెలియలేదు. ఆదివారం పోయింది, సోమవారం పోయింది. బడిలో పాఠం చెబుతున్నా మనసు మాత్రం ఆ గడిలోనే ఉండిపోయింది.

మంగళవారం సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, గడప దాటుతూ ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఉండగా ఆగిపోయాను. గడప! గ-డ-ప. వెనుదిరిగితే ప-డ-గ. పాము కోపం పడగ కాక మరేమిటి? "బు" పోయి "ప" వచ్చింది. నిలువు మాట పన్నీరు. మూడు దినాల విసుగు ఒక్క క్షణంలో కరిగిపోయింది. ఆనాటి నుండి నేను పెన్సిలుతోనే నింపుతున్నాను. ఎంత చదివినవాడైనా ఈ ఆటలో రబ్బరు పక్కన పెట్టుకొని కూర్చోవలసిందే.

ఈ ఆటను కొందరు క్రాస్‌వర్డ్ పజిల్ అంటారు, కొందరు పదబంధ ప్రహేళిక అంటారు, కొందరు గళ్ళ నుడికట్టు అంటారు. మా చుట్టుపక్కల తమిళ సోదరులు కుఱుక్కెళుత్తు అంటారు. ఇది ఎక్కడ పుట్టింది, మన భాషలోకి ఎట్లా వచ్చింది, తెలుగు బడికి దీనితో పనేమిటి అన్న మూడు విషయాలను నాకు తెలిసినంతలో మీ ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పుట్టుక

ఇప్పుడు మనం చూస్తున్న రూపంలో ఈ ఆట పుట్టినది 1913 డిసెంబరు 21వ తేదీన. ఇంగ్లండులోని లివర్‌పూల్ నుండి అమెరికాకు వలస వెళ్ళిన ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు, 'న్యూయార్క్ వరల్డ్' పత్రిక ఆదివారం అనుబంధంలో పిల్లలకూ పెద్దలకూ వినోదంగా ఉంటుందని దీనిని కూర్చాడు. అది వజ్రం ఆకారంలో ఉండేది. మధ్యలో నల్లగడులకు బదులు ఖాళీ ఉండేది. ఆయన పెట్టిన పేరు 'వర్డ్ క్రాస్'. కొన్ని వారాలకే ఆ పేరులోని రెండు మాటలు తారుమారై 'క్రాస్ వర్డ్' అయింది. మాటలను తారుమారు చేసే ఆటకు పేరు కూడా తారుమారు కావడం తగిన విషయమే.

1924లో సైమన్ అండ్ షూస్టర్ అనే ప్రచురణ సంస్థ తన మొట్టమొదటి పుస్తకంగా ఈ పజిళ్ళ సంపుటాన్నే వేసింది. అది విపరీతంగా అమ్ముడుపోయింది. అదే ఏడు 'న్యూయార్క్ టైమ్స్' పత్రిక దీనిని ఒక పిచ్చిగా, కాలహరణంగా ఈసడించింది. అదే పత్రిక 1942లో తానే పజిల్ ప్రచురించడం మొదలుపెట్టింది. తిట్టినవాడే తలుపు తట్టడం అంటే ఇదే.

ఇంగ్లండుకు చేరాక ఆట స్వభావమే మారిపోయింది. అమెరికాలో ఆధారం అంటే నేరుగా అర్థం చెప్పడమే. ఇంగ్లండులో ఎడ్వర్డ్ పోయిస్ మేథర్స్ అనే కవి, అనువాదకుడు 'అబ్జర్వర్' పత్రికలో 1926 నుండి 1939లో మరణించేవరకు గూఢమైన ఆధారాలతో పజిళ్ళు కూర్చాడు. ఆయన పెట్టుకొన్న మారుపేరు టార్కెమాడా. అది మతవిచారణ పేరిట జనాన్ని హింసించిన స్పెయిన్ దేశపు అధికారి పేరు. పాఠకులను తాను ఏమి చేయబోతున్నాడో ఆయన ముందే చెప్పినట్లయింది! లండన్ 'టైమ్స్' పత్రికలో 1930 ఫిబ్రవరి 1న పజిల్ మొదలైంది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ఆట యుద్ధానికీ పనికివచ్చింది. 1942 జనవరిలో 'డెయిలీ టెలిగ్రాఫ్' పత్రిక పజిల్‌ను పన్నెండు నిమిషాలలో పూర్తి చేయగలవారికి పోటీ పెట్టారు. నెగ్గినవారిలో కొందరిని పిలిచి శత్రువుల రహస్య సంకేతాలను ఛేదించే బ్లెచ్లీ పార్కులో పనికి పెట్టుకొన్నారు.

1944లో జరిగిన మరొక ఉదంతం బడిపంతుళ్ళకు మరీ దగ్గరిది. ఆ మే నెలలోనూ జూన్ మొదటి దినంలోనూ 'టెలిగ్రాఫ్' పజిళ్ళలో యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్‌బెర్రీ, నెప్ట్యూన్ అన్న మాటలు వరుసగా వచ్చాయి. అవన్నీ జూన్ 6న నార్మండీ తీరంపై జరగబోయే మహాదాడికి సంబంధించిన రహస్య సంకేత పదాలు. గూఢచారి శాఖవారు హడలిపోయి పజిల్ కూర్పరి ఇంటికి వెళ్ళారు. చూడగా ఆయన లియొనార్డ్ డా అనే ప్రధానోపాధ్యాయుడు. ఆయన గూఢచారి కాడని తేల్చుకొని విడిచిపెట్టారు. చాలా ఏళ్ళ తరువాత, 1984లో, ఆయన పాత విద్యార్థి ఒకడు అసలు సంగతి బయటపెట్టాడు. డా గారు ఖాళీ గళ్ళను విద్యార్థులకు ఇచ్చి మాటలతో నింపమనేవారట, ఆ తరువాత తాను ఆధారాలు రాసుకొనేవారట. బడి పక్కన విడిది చేసిన సైనికుల నోట విన్న మాటలను ఆ పిల్లవాడు గడులలో పెట్టాడట. పిల్లల చేత గళ్ళు నింపించే పంతులు లోకంలో నేనొక్కడినే కానని ఇది చదివినప్పుడు ఎంతో సంతోషించాను.

మన మూలాలు

రూపం పడమటి దేశానిదే అయినా, ఆటలోని ఆత్మ మనకు కొత్తది కాదు. ప్రహేళిక అన్న మాటే ఎంతో పాతది. మా పళ్ళిపట్టుకు దూరం కాని కాంచీపురంలో, పల్లవుల కాలంలో జీవించిన దండి మహాకవి తన 'కావ్యాదర్శం' మూడవ పరిచ్ఛేదంలో పదహారు విధాల ప్రహేళికలను వివరించాడు. వినోదగోష్ఠులలో కాలక్షేపానికి, పదిమంది మధ్య రహస్యంగా మాట్లాడుకోవడానికి, ఎదుటివారిని తికమక పెట్టడానికి ఇవి పనికివస్తాయని ఆయన అన్నాడు. సంధి చేత అర్థం మరుగుపడితే 'సమాగత', సంబంధమున్న మాటలను దూరదూరంగా పెడితే 'వ్యుత్క్రాంత', అక్షరాల లెక్కతో ముడివేస్తే 'సంఖ్యాత'. నేటి పజిల్ కూర్పరి వాడే ఉపాయాలలో చాలావాటికి ఆయన అప్పుడే పేర్లు పెట్టేశాడు.

'సంఖ్యాత'కు దండి ఇచ్చిన ఉదాహరణ భావాన్ని నా మాటలలో చెబుతాను. ఒక పట్టణం ఉన్నది, దాని నడుమ అనునాసికం, దానికి అటూ ఇటూ నాలుగు వర్ణాలు, దానిని ఏలే రాజుల పేరులో ఎనిమిది వర్ణాలు. ఏమిటా పట్టణం? ఎవరా రాజులు? విడదీసి చూడండి. క్, ఆ, ఞ్, చ్, ఈ: కాంచీ. నడుమ ఉన్నది అనునాసికమైన ఞకారం. ప్, అ, ల్, ల్, అ, వ్, ఆ, విసర్గ: పల్లవాః. ఎనిమిది. పైగా వర్ణమంటే అక్షరధ్వని మాత్రమే కాదు, కులం కూడా, కనుక నాలుగు వర్ణాలవారితో అలరారే నగరం అన్న పై అర్థమూ సరిపోతుంది. పై అర్థం ఒకటి, లోపలి లెక్క ఒకటి. పదమూడు వందల ఏళ్ళ నాడు మా పొరుగూరి గురించి కట్టిన ఆధారం ఇది!

మన తెలుగులో పొడుపుకథలకు కొదువలేదు. చిత్రకవిత్వంలో చక్రబంధం, పద్మబంధం, నాగబంధం వంటివి అక్షరాలను గీసిన బొమ్మలో ఇమిడ్చే విద్యలు. ఒక బంధంలో దారులు కలిసే చోట ఒకే అక్షరం రెండు వైపులకూ పనికిరావాలి. అడ్డం, నిలువు కలిసే గడి ధర్మమూ అదే. అవధానంలో న్యస్తాక్షరి అని ఒక అంశం ఉన్నది. ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలని పృచ్ఛకుడు నిర్దేశిస్తాడు, అవధాని ఆ అక్షరాన్ని అక్కడే నిలిపి పద్యం చెబుతాడు. ఒక గడిలో అక్షరం ముందే పడి ఉండగా మిగతా గడులను నింపే మన అవస్థకూ దానికీ చుట్టరికం లేదంటారా?

బహుమతుల వ్యామోహం, చట్టం

ఈ ఆట మన దేశానికి వచ్చిన తొలి దశాబ్దాలలో దీనికి ఒక చెడ్డపేరు కూడా వచ్చింది. ప్రవేశ రుసుము కట్టించుకొని, పెద్ద పెద్ద బహుమతులు ఆశచూపే పజిల్ పోటీలు దేశమంతటా పుట్టుకొచ్చాయి. వాటిలో ఆధారానికి రెండు మూడు మాటలు సమానంగా సరిపోయేవి. సరైన మాట రాస్తే గెలుపు కాదు, కవరులో సీలు వేసి దాచిన మాటతో కలిస్తేనే గెలుపు. అప్పుడది భాషాజ్ఞానం కాదు, లాటరీ.

దీనిని అదుపు చేయడానికి భారత పార్లమెంటు 1955లో బహుమతి పోటీల చట్టం చేసింది. నెలకు మొత్తం బహుమతి వెయ్యి రూపాయలు మించరాదని, ఒక పోటీకి రెండువేల ప్రవేశాలు మించరాదని అందులో నిబంధన. బెంగళూరు నుండి ఇటువంటి పోటీలు నడిపిన ఆర్.ఎం.డి.సి. సంస్థ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. గెలుపు ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడని పోటీ జూదమేనని, దానికి వ్యాపార స్వేచ్ఛ వర్తించదని 1957లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. నాకు ఆ తీర్పులో ఒక ఉపాధ్యాయ ధర్మం కనిపిస్తుంది. మంచి ఆధారానికి ఒక్కటే సమాధానం ఉండాలి. దానికి దారి ఆధారంలోనే ఉండాలి. అదృష్టం కలిసివస్తే తప్ప దొరకని సమాధానాన్ని అడగడం ప్రశ్న కాదు. ఈ మాట నాకే ఎట్లా తిరిగి తగిలిందో ముందు చెబుతాను.

తెలుగులో

తెలుగులో ఈ ఆటకు గౌరవం తెచ్చినది ఇద్దరు మహాకవులు. శ్రీశ్రీ (1910–1983) పదబంధ ప్రహేళికలు కూర్చాడు. ఆయన మేనల్లుడి వరుసైన ఆరుద్ర (1925–1998) గళ్ళ నుడికట్టు నడిపాడు. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' వంటి మహాగ్రంథాన్ని రాసిన చేయి, వారం వారం గళ్ళలో అక్షరాలు సర్దడాన్ని చిన్నతనంగా భావించలేదు. పదబంధ ప్రహేళిక అన్న పేరు సంస్కృత సమాసం. గళ్ళ నుడికట్టు అన్నది అచ్చతెలుగు. ఆ రెండు పేర్లనూ పక్కపక్కన పెడితే తెలుగు భాష రెండు కాళ్ళ నడక కనిపిస్తుంది. మరొక్క సంగతి. ఆ ఇద్దరు కవులూ మద్రాసులో జీవించినవారే. 'ఆంధ్రపత్రిక', 'భారతి', 'ఆంధ్రప్రభ', 'చందమామ' వంటివన్నీ మద్రాసు నుండి వెలువడిన కాలం అది. తెలుగు నుడికట్టు పెరిగిన నేల తమిళ నేల అని మేము కొంచెం గర్వంగా చెప్పుకొంటే తప్పు లేదనుకొంటాను.

ఆ తరువాత దినపత్రికలు, వారపత్రికలు దీనిని ఇంటింటికీ చేర్చాయి. 'ఈనాడు' పదవినోదం నింపనిదే కాఫీ తాగనివారు నాకు తెలుసు. 2000 దశకంలో 'పొద్దు' అంతర్జాల పత్రిక 'గడి' పేరుతో, తరువాత 'ఈమాట' పత్రిక 'గడి నుడి' పేరుతో ఈ ఆటను దేశదేశాల తెలుగువారి ముందు పెట్టాయి.

గడిలో ఏమి పెడతాము?

ఇంగ్లీషులో ఒక గడికి ఒక అక్షరం. మొత్తం ఇరవై ఆరే. తెలుగులో ఒక గడికి ఒక పూర్తి అక్షరం, అంటే హల్లు, ఒత్తు, గుణింతం, సున్న అన్నీ కలిసినది. 'స్త్రీ' అన్న మాటలో స్, త్, ర్, ఈ అని నాలుగు వర్ణాలున్నా గడి ఒక్కటే. దండి లెక్కలో ఐదు వర్ణాలున్న కాంచీ పట్టణం మన గళ్ళలో రెండు గడులలో ఒదిగిపోతుంది. ఒక్క కకారానికే క, కా, కి, కీ మొదలుకొని ఇన్ని రూపాలు, వాటిపై ఒత్తులు. అడ్డం మాటలో 'కి' వస్తే నిలువు మాటలోనూ 'కి' రావాలి. 'కీ' వస్తే చెల్లదు. కనుక తెలుగు కూర్పరి కష్టం ఇంగ్లీషు కూర్పరి కష్టం కంటె ఎక్కువ. అదే విధంగా నింపేవాడి లాభమూ ఎక్కువ. 'న్నీ' వంటి అక్షరం ఒక్కటి పడిందంటే మాట సగం దొరికినట్లే.

'పుస్తకము' అంటే నాలుగు గడులు. 'పుస్తకం' అంటే మూడు. మూడేనని చూసిన పిల్లవాడికి ముకారం, సున్నల సంగతి వ్యాకరణ సూత్రం చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఇక ఆధారాలు. కొత్తవారి కోసం నేను బడిలో వాడే కొన్నింటిని ఇక్కడ ఇస్తున్నాను.

"తల తిరిగిన తీగ (2)." తల అన్న మాటను తిప్పండి: లత.

"ఎటునుండి చదివినా కాలిలోనే ఉంటుంది (3)." మడమ.

"స్వప్నానికి దేవుడిచ్చేది తోడైతే ఆందోళన (4)." కల, వరం కలిసి కలవరం.

"అడవి తిరగబడితే కొత్తది (2)." వన, నవ.

చూడండి, ప్రతి ఆధారంలోనూ ఒకవైపు అర్థం, మరొకవైపు దారి. రెండూ ఒకచోటికే చేరాలి. చేరినప్పుడు సమాధానం సరైనదని చెప్పడానికి పంతులు అవసరం లేదు, మాటే చెబుతుంది. పిల్లవాడు తనంతట తానే "దొరికింది!" అని అరవగలిగే పాఠం ఇంకేమున్నది?

మా బడిలో

మా పళ్ళిపట్టు ప్రాంతం సంగతి తెలియనివారికి రెండు మాటలు. తిరుత్తణి ప్రాంతం ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న ఎల్లలు మారి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఇప్పుడు తిరువళ్ళూరు జిల్లా. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, వీధిలో తమిళం చదువుతారు. తెలుగు అక్షరం వారికి బడిలో తప్ప చాలాచోట్ల కనబడదు.

దీనివలన వచ్చే చిక్కు ఒకటి చెబుతాను. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. కనుక మా పిల్లలు గడప అని పలికి కడప అని రాస్తారు. ఎన్నిసార్లు దిద్దినా మళ్ళీ అదే. ఒకనాడు నేను ఆ పాము ఆధారాన్ని నల్లబల్ల మీద రాశాను. ఒక పిల్లవాడు "కడప" అని రాసుకొని, తిప్పి, "పడక" అని చదివి, "అయ్యా, పాము కోపం పడక ఎట్లా అవుతుంది?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. వాడూ నవ్వాడు. ఒక్క హల్లు తేడాతో పాము పడగ దించి పడుకొన్నది! ఆ తరగతిలో మళ్ళీ ఎవరూ గడపను కడప అని రాయలేదు. నా ఎర్రసిరా చేయలేని పనిని పాము చేసింది.

ఎర్రసిరా అన్నాను కనుక నా తప్పు కూడా చెప్పుకోవాలి. ఒక వారపత్రికలోని చిన్న నుడికట్టును నకలు తీయించి తరగతికి ఇచ్చాను. అందులో ఒక ఆధారం "కంట నీరు తెప్పించే గడ్డ (4)". సమాధానం ఉల్లిగడ్డ. ఒక పిల్లవాడు "ఎర్రగడ్డ" అని నింపాడు. గడులు సరిపోయాయి, చివర "గడ్డ" కూడా సరిపోయింది. కాని రెండవ గడిలో పైనుండి దిగే మాట "తల్లి". "ర్ర" పడేసరికి అది చెడిపోయింది. వాడు తల్లిని చెరిపివేశాడు గాని ఎర్రగడ్డను చెరపలేదు. నేను ఎర్రసిరాతో పెద్ద ఇంటూ గుర్తు పెట్టాను. తప్పు దిద్దడమే నేను శిక్షణలో నేర్చుకొన్న ధర్మం. వాడు తలవంచుకొని, "అయ్యా, మా అమ్మ ఎర్రగడ్డ అనే అంటుంది" అన్నాడు. ఆ తరువాత మూడు వారాలు వాడు నా గంటలో నోరు విప్పలేదు.

ఆ రాత్రి నేను ఆలోచనలో పడ్డాను. కోస్తాలో ఉల్లిపాయ, తెలంగాణంలో ఉల్లిగడ్డ, మా వైపు ఎర్రగడ్డ. మూడూ తెలుగే, మూడూ నాలుగు గడులే. వాడి తల్లి మాట ఏ విధంగా తప్పు? పత్రికవారి కూర్పు కూడా తప్పు కాదు, అడ్డం నిలువులు కలిసి చూస్తే సమాధానం ఒక్కటే. తప్పు నాది. "ఈ గళ్ళలో ఇమడలేదు" అని చెప్పవలసిన చోట "తప్పు" అని చెప్పాను. పిల్లవాడికి తెలుగు ఉన్నది ఆ ఒక్క ఇంట్లో, ఆ ఒక్క తల్లి నోట. దాని మీద ఇంటూ గుర్తు పెడితే ఇక తెలుగు ఎక్కడ మిగులుతుంది? కొబ్బరికాయను టెంకాయ అనే ఊరు మాది. గేదెను ఎనుము అనే ఊరు మాది. ఈ మాటలు ఏ పత్రిక గడులలోనూ రాకపోతే, రెండు తరాలలో మా పిల్లలు అవి తెలుగు కావనే అనుకొంటారు.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తి పదకోశాలు గుర్తుకు వచ్చాయి. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. రైతు నోట, నేతగాని నోట ఉన్న మాటను ఊరూరా తిరిగి పండితులు రాసుకొన్నారు. మొదటి సంపుటం వచ్చేనాటికే మా తిరుత్తణి ఆ రాష్ట్రంలో లేదు. కనుక మా మాటలను మేమే ఏరుకోవాలి అనిపించింది.

మరుసటి వారం పత్రిక నకళ్ళు మానివేశాను. ఖాళీ గళ్ళు గీసి ఇచ్చి, "ఇంట్లో అవ్వ, తాత, అమ్మ వాడే మాటలతోనే నింపండి, ఆధారాలు మనమే రాద్దాం" అన్నాను. మా ప్రాంతంలో మగ్గాల మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. అడ్డం, నిలువు అన్న మాటలు నేను వివరించబోతుండగా నేతవారి ఇంటి పిల్ల ఒకతె, "తెలుసయ్యా, నిలువు పడుగు, అడ్డం పేక" అన్నది. ఇన్నేళ్ళలో నేను ఇంత చక్కగా ఎన్నడూ చెప్పలేదు. పడుగు, పేక ఒకదానినొకటి పట్టుకొంటేనే గుడ్డ. ఒక పోగు తెగితే చుట్టూ ఉన్న పోగులు వదులవుతాయి. భాషలో ఒక మాట పోయినా అంతే.

ఆ రోజు పిల్లలకు ఒక ఆధారం ఇచ్చాను: "తమిళ బడికి తెలుగు చీర (4). మీకు బాగా తెలిసిన చోటు." పళ్ళి అంటే తమిళంలో బడి, కనుక పళ్ళిపట్టు. ఇది ఊరి పేరుకు వ్యుత్పత్తి కాదు, ఆట మాత్రమే అని కూడా చెప్పాను. ఆ నేతపిల్ల సమాధానం చెప్పి ఊరుకోలేదు. "అయ్యా, తమిళంలోనూ పట్టు పట్టే కదా, తెలుగు చీర అని ఎందుకు రాశారు?" అన్నది. నిజమే. ఆధారంలో లోపం పట్టుకొన్నది. ఒక్కటే దారి ఉండాలని మీకు పైన నీతి చెప్పిన పంతులు ఆధారమే రెండు వైపులకు లాగింది. నల్లబల్ల మీద "తెలుగు చీర" కొట్టివేసి "ఇద్దరి చీర" అని దిద్దాను. ఇప్పుడు ఆధారం మా ఊరికి ఇంకా బాగా అతికింది.

మూడు వారాలు మాట్లాడని పిల్లవాడు ఆ గంట చివర ఒక చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. అందులో ఇట్లా ఉన్నది: "అందరికీ ఉల్లి, మాకు ఎరుపు (4)."

కూర్పరులందరూ మెచ్చుకోదగిన ఆధారం అది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. నేను ఎర్రసిరా తీసి పూర్తి మార్కులు వేశాను.

పాఠక మిత్రులారా, మీలో ఉపాధ్యాయులు ఉంటే ఒక మనవి. వారానికి పది నిమిషాలు చాలు. ఐదు గడుల పొడవు, ఐదు గడుల వెడల్పు చాలు. మీ ఊరి మాటలు పది ఏరండి, పిల్లల చేత ఆధారాలు రాయించండి. మొదటి వారం అడ్డం నిలువులు కలవవు. విసుగు వస్తుంది. ఎవరో ఒకరు తల్లి మాటను చెరిపివేయబోతారు. అప్పుడు ఆ చేయి పట్టుకొని, మాటను చెరపకుండా గళ్ళు మార్చి గీయండి. ఇంటివద్ద చదివే పెద్దలైతే, మీకు మాత్రమే తెలిసిన ఒక పాత మాటకు ఆధారం కట్టి మనుమలకు ఇవ్వండి. వారు మూడు దినాలు తల బద్దలుకొట్టుకొన్నా సమాధానం చెప్పకండి. గడప దాటేటప్పుడు వారికే తడుతుంది.

సెలవు.